గుంటూరు మిర్చికి ఢాకా దగ్గరా, మలేషియా దగ్గరా?

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఇరుగుపొరుగు దేశాలు ఆర్థికంగా కలిస్తే అందరికీ లాభమని పుస్తకంలో ఉంది. మా నాన్నగారిది గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం. ఢాకాకి పంపడం కన్నా మలేషియాకి పంపడమే టెన్షన్ లేని పని అంటారాయన. ఎవరు రైటు? ప్రపంచమంతా ఒకే మార్కెట్ అయ్యాక ఈ సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి), సాఫ్టా (ఆ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) లాంటివి అసలెందుకు?

జవాబు:

మీ నాన్నగారు రైటు. పుస్తకం రాసినాయన కూడా తప్పు రాయలేదు, కాకపోతే ఆయన ఎప్పుడూ సరిహద్దు గేటు దగ్గర లారీతో పాటు నిలబడి ఉండడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కస్టమ్స్ క్లియరెన్స్ పని చేశాను. మొదట విశాఖలో, తర్వాత చాలా కాలం కోల్‌కతాలో. ఇప్పుడు రిటైరయ్యాను. అందుకని నా జవాబు కొంచెం కాగితాలూ, గోనె సంచులూ వాసన వేస్తుంది, ఏమనుకోకండి.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, తేజ రకం మిర్చి ఒక లారీ లోడు బంగ్లాదేశ్ సరిహద్దుకి పంపాం. గుంటూరు నుంచి అక్కడికి నాలుగు రోజుల్లో చేరింది. గేటు ముందున్న పార్కింగ్‌లో పదకొండు రోజులు ఆగింది. జులై నెల, వర్షం. డ్రైవరు లారీ పక్కనే స్టవ్ పెట్టుకుని వండుకున్నాడు. కారణం ఏమిటంటే, కొనేవాడి బ్యాంకు ఇచ్చిన ఎల్‌సీలో (డబ్బు చెల్లిస్తామనే హామీ పత్రంలో) ఉన్న పేరుకీ, మన ఇన్‌వాయిస్‌లో ఉన్న పేరుకీ ఒక్క అక్షరం తేడా. ఆ తేడా సవరించేసరికి వాళ్లకి సెలవులొచ్చాయి. సెలవులయ్యేసరికి మా ముందు మళ్లీ క్యూ పెరిగింది. టార్పాలిన్ కింద ఉన్న టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, తేమ పట్టి, పై వరసల్లో కాయ రంగు తిరిగింది. అవతల సరుకు చూసిన వ్యాపారి క్వింటాలుకింత అని కోత పెట్టాడు. అదే నెలలో చెన్నై రేవు నుంచి మలేషియాకి వెళ్లిన కంటైనర్ గురించి నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఫోన్ రాలేదంటే మా పనిలో శుభం.

ఇది నా ఒక్కడి గోల కాదు. మన పెట్రాపోల్, వాళ్ల బెనాపోల్ కలిసిన చోటు భారత్, బంగ్లాదేశ్ మధ్య రోడ్డు వ్యాపారానికి అన్నిటికన్నా పెద్ద గేటు. అక్కడ ఒక సరుకు సరిహద్దు దాటడానికి 138 గంటలు పడుతోందని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క చెప్పింది. అందులో 28 గంటలు కేవలం ఒక లారీలోంచి దించి ఇంకో లారీలోకి ఎక్కించడానికి. మన కంపెనీకి బంగ్లాదేశ్ కంపెనీతో కన్నా బ్రెజిల్‌తోనో జర్మనీతోనో వ్యాపారం చేయడం 15 నుంచి 20 శాతం చవక అని కూడా అదే నివేదికలో ఉంది. మీ నాన్నగారు ఆ నివేదిక చదవకుండానే అదే మాట అన్నారు.

దించి ఎక్కించడం ఎందుకో మీ పుస్తకంలో ఉండదు కాబట్టి చెబుతాను. మన లారీ కార్ పాస్ అనే అనుమతి కాగితం తీసుకుని బెనాపోల్ యార్డు దాకా మాత్రమే వెళ్తుంది. అక్కడ హమాలీలు సరుకు దించుతారు. గోదాములో పెడతారు, లేదా నేరుగా వాళ్ల లారీలోకి మారుస్తారు. మన లారీ ఖాళీగా వెనక్కి వస్తుంది. ఢాకా దాకా అదే లారీ వెళ్లేలా బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ నాలుగూ కలిసి 2015 జూన్ 15న థింఫూలో మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకం పెట్టాయి. పరీక్షగా కొన్ని లారీలు నడిపారు, ఫొటోలు కూడా వచ్చాయి. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ దాన్ని తిరస్కరించింది. చిన్న దేశం, సన్నటి కొండ రోడ్లు, మన లారీలన్నీ వచ్చి పడితే ఏం కాను అని వాళ్ల భయం. నాకది అన్యాయమైన భయంగా అనిపించలేదు. మిగతా మూడు దేశాలూ ముందుకెళ్దామనుకున్నాయి గానీ పదేళ్లయినా లారీలు మామూలుగా తిరగడం లేదు.

అసలు ఇదంతా సార్క్ అందరికీ కలిపి చేయాల్సిన పని. 2014 నవంబరులో ఖాట్మండూ శిఖరాగ్ర సమావేశంలో వాహనాల ఒప్పందానికి పాకిస్థాన్ ఒప్పుకోలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన తర్వాతి సమావేశం ఉరీ దాడి తర్వాత రద్దయింది. ఆ తర్వాత ఇంతవరకూ శిఖరాగ్రమే జరగలేదు.

ఇప్పుడు సుంకాల సంగతి. పరీక్షలో రాయడానికి మీకు తేదీలు కావాలి కదా: సార్క్ 1985 డిసెంబరు 8న ఢాకాలో పుట్టింది, సాప్టా (సాఫ్టాకి ముందున్న సుంకం రాయితీల ఒప్పందం) 1995లో, సాఫ్టా 2006 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. 2011లో మన దేశం ఈ ప్రాంతంలోని వెనకబడిన దేశాలకి సుంకం తగ్గించని సరుకుల జాబితాని 25కి కుదించింది. అంటే బంగ్లాదేశ్, నేపాల్ సరుకుకి మన తలుపు దాదాపు పూర్తిగా సుంకం లేకుండా తెరుచుకుంది. అయినా దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం విదేశీ వ్యాపారంలో సుమారు 5 శాతం దగ్గరే ఉండిపోయింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో అది ఐదో వంతుకి పైన, యూరోపియన్ యూనియన్‌లో సగానికి పైన. సుంకం ఒక్కటే అడ్డమైతే 2011 తర్వాత ఈ అంకె లేచి కూర్చోవాలి. లేవలేదు.

మనం చేసేవన్నీ ఒకే రకం సరుకులు, అందుకే ఒకరికొకరం అమ్ముకోలేం అని కొందరు ప్రొఫెసర్లు అంటారు. సగం నిజం. ఆసియాన్ విషయంలో అసలు కలిపింది మంత్రులు కాదు, ఫ్యాక్టరీలు. 1985 తర్వాత యెన్ విలువ పెరిగి జపాన్‌లో తయారీ ఖరీదైపోయింది. కార్ల కంపెనీలు, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియాలకి పనులు పంచాయి. గేర్‌బాక్సు ఒక దేశంలో, స్టీరింగు ఇంకో దేశంలో తయారైతే సుంకం తగ్గించమని కంపెనీలే ప్రభుత్వాల వెంటపడతాయి. 1992లో వాళ్ల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వచ్చేసరికి సరుకు అప్పటికే తిరుగుతోంది.

మనకి అలాంటిది ఒకటి ఉంది, పత్తి. మన పత్తి, మన నూలు బంగ్లాదేశ్ వెళ్తుంది, చొక్కా అయి యూరప్ వెళ్తుంది. నేను కోల్‌కతాలో ఉన్నప్పుడు నూలు లారీలు లెక్కపెట్టలేనన్ని చూశాను. ఇంత చక్కని గొలుసు కూడా 2025లో ఏమైందో చూడండి. ఏప్రిల్ 8న బంగ్లాదేశ్ ఎగుమతులు మన విమానాశ్రయాలు, రేవుల మీదుగా మూడో దేశానికి వెళ్లే సౌకర్యం మనం ఆపేశాం. అదే నెలలో వాళ్లు భూమార్గంలో మన నూలు దిగుమతి ఆపేశారు. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ బట్టలు రోడ్డు మీద రావడానికి వీల్లేదు, కోల్‌కతా లేదా ముంబై దగ్గరి నవా షేవా రేవుల్లోనే దిగాలి అన్నాం. ఎవరూ సుంకం ఒక్క పైసా పెంచలేదు. సాఫ్టా కాగితం అలాగే ఉంది. గేటు మాత్రం మూతపడింది.

పాకిస్థాన్‌తో అయితే సుంకం కూడా ఆయుధమే అయింది. 2019లో పుల్వామా దాడి తర్వాత మనం 200 శాతం వేశాం, అదే ఏడాది ఆగస్టులో వాళ్లు వ్యాపారమే ఆపారు, 2025 మేలో మనం అన్ని దిగుమతులూ నిషేధించాం. కరాచీకి ముంబై ఎంత దగ్గరో మ్యాపులో చూడండి. ఈ రెండు ఊళ్ల మధ్య సరుకు ఏళ్ల తరబడి దుబాయ్ చుట్టూ తిరిగి, అక్కడ కాగితాలు మార్చుకుని వెళ్లింది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. దేశ విభజన జరిగిన కొత్తలో పాకిస్థాన్ ఎగుమతుల్లో సగానికి పైగా మన దేశానికే వచ్చేవి. జనపనార పొలాలు తూర్పు బెంగాల్లో, మిల్లులు హుగ్లీ ఒడ్డున. 1949లో మనం రూపాయి విలువ తగ్గించాం, వాళ్లు తగ్గించలేదు, ఆ గొడవలో వ్యాపారం ఆగింది. మన మిల్లుల కోసం మనం జనపనార వేసుకున్నాం, వాళ్లు మిల్లులు కట్టుకున్నారు. 1965 యుద్ధంతో రైలు మార్గాలు తెగాయి. వాటిలో ఒకటైన, మన హల్దీబారీ నుంచి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిలహాటికి వెళ్లే లైను మళ్లీ తెరవడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. యాభై అయిదేళ్లు.

శత్రుత్వం ఉన్న చోట ఇంక అంతే అని మీరు రాయబోతే ఒక్క నిమిషం ఆగండి. తూర్పు ఆఫ్రికా చూడండి. కెన్యా, ఉగాండా, టాంజానియా కలిసి పెట్టుకున్న పాత కూటమి 1977లో కూలిపోయింది. టాంజానియా కెన్యా సరిహద్దే మూసేసింది. ఆ తర్వాత ఏడాదికి ఉగాండా, టాంజానియా యుద్ధం చేసుకున్నాయి. అదే దేశాలు 1999లో మళ్లీ ఒప్పందం రాసుకుని, 2005లో కస్టమ్స్ యూనియన్ (తమలో తమకి సుంకం లేకుండా, బయటి సరుకుకి అందరిదీ ఒకే సుంకం) పెట్టుకున్నాయి. 2014 నుంచి ఉగాండా వెళ్లే సరుకుకి పన్ను లెక్క మొంబాసా రేవులోనే తేలిపోయే ఏర్పాటు వచ్చింది. కెన్యా, ఉగాండా సరిహద్దులోని బుసియా లాంటి చోట్ల రెండు దేశాల అధికారులూ ఒకే భవనంలో కూర్చుంటారు, లారీ ఒక్కసారే ఆగుతుంది. మన 138 గంటల పక్కన ప్రపంచ బ్యాంకు పెట్టిన పోలిక కూడా ఇదే: అంతే రద్దీ ఉన్న గేటుని తూర్పు ఆఫ్రికాలో ఆరు గంటల లోపు దాటుతున్నారు. మనకన్నా ధనిక దేశాలేం కావవి.

అలాగని తలుపులు బార్లా తెరిస్తే చాలనే వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. నేపాల్లో పామాయిల్ తోటలు లేవు. కానీ ఒక దశలో నేపాల్ ఎగుమతుల జాబితాలో పామాయిలే పైన నిలిచింది! ముడి నూనె ఆగ్నేయాసియా నుంచి కొంటారు, అది మన రేవుల మీదుగానే నేపాల్ వెళ్తుంది, అక్కడ శుద్ధి చేసి సుంకం లేకుండా మళ్లీ మనకే అమ్ముతారు. మన దిగుమతి సుంకం ఎంత పెరిగితే వాళ్లకి ఆ తేడాలో అంత లాభం. దీన్ని ఆపడానికే రూల్స్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు నిజంగా ఏ దేశంలో పుట్టిందో తేల్చే నిబంధనలు, ఉంటాయి. వెనకబడిన దేశమైతే సుమారు 30 శాతం విలువైనా అక్కడ చేరాలని నిబంధన. కానీ ఆ 30 శాతం కాగితం మీద ఎలా పుట్టించవచ్చో మా వృత్తిలో అందరికీ తెలుసు. 2020 జనవరిలో మన ప్రభుత్వం శుద్ధి చేసిన పామాయిల్‌ని ఆంక్షల జాబితాలో పెట్టింది. వాళ్లు సోయా నూనెకి మారారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి సరుకు పుట్టుకకి రుజువు దిగుమతిదారే దగ్గర పెట్టుకోవాలనే కొత్త నిబంధనలు వచ్చాయి. శ్రీలంకతో 2000లో మొదలైన ఒప్పందంలో వనస్పతి, రాగి లోహం విషయంలో కూడా ఇదే నాటకం నడిచింది. దీని దెబ్బ ఎవరి మీద పడుతుందంటారా? ద్వారకా తిరుమల వైపో, అశ్వారావుపేట వైపో ఆయిల్ పామ్ వేసిన రైతుని గెలల రేటు అడగండి, చెబుతాడు.

ఇంకో జబ్బు మనవైపుది. రాత్రికి రాత్రి ఆర్డరు. 2019 సెప్టెంబరు చివర్లో ఉల్లి ఎగుమతి ఆపేశాం. సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. కొద్ది రోజులకే ఢిల్లీ వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, కూరల్లో ఉల్లి వేయొద్దని మా వంటవాడికి చెప్పానని నవ్వుతూనే అంటించారు, ఆపే ముందు ఒక్క మాట చెబితే బాగుండేదని కూడా అన్నారు. 2020లో మళ్లీ అదే పని. ఆ దెబ్బ కడప జిల్లాకీ తగిలింది. అక్కడ పండే కృష్ణాపురం ఉల్లి చిన్నది, ఘాటు ఎక్కువ, మనవాళ్లు పెద్దగా తినరు, పండేదే మలేషియా, థాయ్‌లాండ్, శ్రీలంకల కోసం. ఇక్కడ ధర తగ్గించడానికి ఇక్కడెవరూ తినని ఉల్లిని ఆపారన్నమాట. చివరికి అక్టోబరులో పది వేల టన్నులకి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. పొరుగు దేశం మన మీద ఆధారపడాలంటే రేపు కూడా గేటు తెరిచే ఉంటుందన్న నమ్మకం దానికి ఉండాలి. 2015 సెప్టెంబరు నుంచి కొన్ని నెలలు బిహార్ సరిహద్దులోని రక్సౌల్ దగ్గర గేటు మూతపడి నేపాల్లో పెట్రోలు, గ్యాసు, మందులు దొరకని రోజులు వచ్చాయి. ఆపింది మేం కాదు, మధేశీ (నేపాల్ దక్షిణ మైదానాల ప్రజలు) ఆందోళనకారులు అని మనం అన్నాం. నేపాలీలు నమ్మలేదు. 2016 మార్చిలో వాళ్ల ప్రధాని బీజింగ్ వెళ్లి రవాణా ఒప్పందం చేసుకున్నారు. హిమాలయాల అవతల నుంచి సరుకు తేవడం గిట్టుబాటు కాదని వాళ్లకీ తెలుసు. అయినా చేసుకున్నారు.

ఆ గొడవ ముగిసిన నెలలోనే, 2016 ఫిబ్రవరిలో, మన విశాఖ రేవుని నేపాల్ సరుకుకి తెరవడానికి ఒప్పుకున్నారు. అప్పటిదాకా వాళ్లకి కోల్‌కతా, హల్దియాలే దిక్కు. కోల్‌కతాకన్నా విశాఖ దాదాపు రెట్టింపు దూరం, మరి ఎవరొస్తారని మా వాళ్లే కొందరు నవ్వారు. వచ్చారు. కోల్‌కతా నది మీద రేవు, హుగ్లీలో లోతు తక్కువ, పెద్ద ఓడ రాదు. విశాఖలో పెద్ద ఓడ నిలుస్తుంది, కంటైనర్ రైలెక్కి నేరుగా నేపాల్లోని బీర్‌గంజ్ డ్రై పోర్టులో (సముద్రం లేని చోట కంటైనర్లు దింపే యార్డులో) దిగుతుంది. తర్వాత ఎలక్ట్రానిక్ సీల్ వచ్చింది. పెట్టె తలుపు ఎక్కడ తెరిచినా తెలిసిపోతుంది కాబట్టి దారిలో తనిఖీలు, హామీ కాగితాలు బాగా తగ్గాయి. ముప్పై ఏళ్లలో నేను విన్న శిఖరాగ్ర ప్రకటనలన్నిటికన్నా ఆ సీల్ ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

ఇలాంటివే నాకు నమ్మకం కలిగిస్తాయి. బిహార్‌లోని మోతీహారీ నుంచి నేపాల్లోని అమ్లేఖ్‌గంజ్‌కి 69 కిలోమీటర్ల డీజిల్ పైప్‌లైన్ 2019 సెప్టెంబరులో మొదలైంది. నేపాల్ 2021 నుంచి మన విద్యుత్ ఎక్స్ఛేంజిలో కరెంటు అమ్ముతోంది. 2024 నవంబరులో నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్ చేరింది. ఢిల్లీ, ఢాకాల మధ్య మాటలు చెడి ఉన్న రోజులవి, అయినా చేరింది. యూరప్ కూడా పెద్ద ఆదర్శంతో మొదలుకాలేదు, 1951లో బొగ్గు, ఉక్కుతో మొదలైంది. ఎవరూ ఒప్పందం చేసుకోకుండానే మన తూర్పు తీరం కంటైనర్లు ఎన్నో ఏళ్లుగా కొలంబోలో ఓడ మారుతున్నాయి. దాన్ని ప్రాంతీయ సమైక్యత అని ఎవరూ పిలవరు గానీ నా లెక్కలో అదే అసలైనది.

ప్రపంచమంతా ఒకే మార్కెట్ కదా అన్నారు. కాదు, ఎప్పుడూ కాలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) నియమం ప్రకారం ఒకరికిచ్చిన రాయితీ అందరికీ ఇవ్వాలి, కానీ దాని మూల ఒప్పందమైన గ్యాట్ 24వ అధికరణం కింద కూటములకి మినహాయింపు ఉంది. ఆ సందులోంచే ఇన్ని ఒప్పందాలు పుట్టాయి. 2019 నవంబరులో మనం ఆర్‌సెప్ అనే ఆసియా, పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం నుంచి పక్కకి తప్పుకున్నాం, మిగతా పదిహేను దేశాలు ఏడాది తర్వాత సంతకం చేసుకున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం దాకా సుంకం వేసినప్పుడు భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఎంత కంగారు పుట్టిందో మీరు చూసే ఉంటారు. అప్పుడు చాలామంది పక్క దేశాలు ఉన్నాయి కదా అన్నారు. నేనలా అనను. అమెరికా కొనే రొయ్యని ఆ రేటుకి ఢాకా కొనదు. పొరుగు మార్కెట్ మిర్చికి, పత్తికి, ఉల్లికి, బియ్యానికి, కరెంటుకి పనికొస్తుంది. అన్నిటికీ కాదు.

ఇక మీ నాన్నగారి సంగతి. 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కి మిర్చితో ఒక ప్రత్యేక పార్శిల్ రైలు వెళ్లింది. 16 వ్యాన్లు, 384 టన్నులు. లాక్‌డౌన్‌లో రోడ్డు గేటు మూతపడి సరుకు ఇరుక్కున్న కాలం అది. అంతకు ముందు గూడ్సు రైలు కావాలంటే ఒక్కసారే 1,500 టన్నులకి పైగా సరుకు పోగెయ్యాలి, ఏ వ్యాపారి వల్లా కాదు. 500 టన్నుల లోపు తీసుకెళ్లేలా మార్చారు. టన్నుకి లారీ అయితే సుమారు 7,000 రూపాయలు, ఆ రైల్లో 4,608. యార్డులో నలుగురు కలిస్తే కుదిరే లెక్క. మళ్లీ ఢాకా ఆర్డరు వస్తే లారీ కన్నా ముందు రైలు సంగతి కనుక్కోమనండి. వానాకాలంలో రోడ్డు మీద పంపొద్దనండి. ఎల్‌సీ తెరిచిన బ్యాంకు దగ్గర డాలర్లు ఉన్నాయో లేదో చూసుకోమనండి. 2022 తర్వాత అక్కడ ఆ ఇబ్బంది మొదలైంది, 2023 జులై నుంచి రూపాయల్లో లెక్క తేల్చుకునే దారి కూడా ఒకటి ఉంది. పేరులో అక్షరాలు మాత్రం ఆయన్నే స్వయంగా సరిచూడమనండి.

ఇంకొకటి. పాత వ్యాపారులు బేరంలో రేటు చివర్లో అడిగేవాళ్లు. సరుకు గేటు దగ్గర ఆగితే రోజుకి పడే ఖర్చు ఎవరిదో ముందు తేల్చుకునేవాళ్లు. మలేషియా బేరంలో ఆ మాట వస్తుందా, ఢాకా బేరంలో వస్తుందా అని ఆయన్ని అడిగి చూడండి. మీ వ్యాసానికి నేనిచ్చిన అంకెలకన్నా ఆయన జవాబే ఎక్కువ పనికొస్తుంది.